మోసే చేతులు, గీసే చేతులు: లిలియా ఆబ్రన్ ఇంజనీరింగ్ జీవితం

1945 మార్చి 8. అమెరికా దక్షిణాదిన టెనెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరం. నల్లజాతి టీచర్ల ఇంట్లో నెలలు నిండకుండానే ఒక ఆడపిల్ల పుట్టింది. బిడ్డను వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. ఊళ్లో అంబులెన్సులు లేక కాదు, అవి నల్లవాళ్ల కోసం రావు. చుట్టం ఒకామె టాక్సీలో వేసుకుని పరుగెత్తింది. పిల్ల బతికింది.

ఈ సంగతి మాలపల్లెల్లో, మాదిగవాడల్లో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. రోడ్డుంటుంది, బండి ఉంటుంది. మన వాడ దాకా మాత్రం రాదు.

ఆ పిల్ల పేరు లిలియా ఆన్ ఆబ్రన్. 1972లో కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ తీసుకున్న మొదటి నల్లజాతి అమెరికన్ స్త్రీ ఆమె. 1978లో నీరు, నేల, గాలి కాలుష్యం మీద పనిచేసే కన్సల్టింగ్ కంపెనీ పెట్టింది. అలాంటి కంపెనీ పెట్టిన మొదటి నల్లజాతి మనిషి కూడా ఆమే. 2020లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. మధ్యలో దాదాపు యాభై ఏళ్ల పాటు మురికినీళ్లతో, విషపు మట్టితో, పేదల ఇళ్లతో చేసిన పని ఉంది.

ఆమెను పొగడ్డానికి ఈ వ్యాసం రాయడం లేదు. పీడితుల్లోంచి ఒకరు పైకొస్తే ఆ ఒక్కరినీ చూపించి మిగతా వాళ్ల నోరు మూయించడం పాలక కులాలకు బాగా అలవాటైన పని. ‘మొదటి’ అనే మాట దగ్గర మేం ఆగి ఆలోచించేది అందుకే. 1972 దాకా మొదటివాళ్లు కూడా లేకుండా చేసింది ఎవరు? అసలు మేం అడగదలుచుకున్న ప్రశ్న ఇంకొకటుంది. ఊరి మురుగు ఎటు పోవాలో కాగితం మీద గీసేది ఎవరు? ఆ గీతను బట్టి మురుగులోకి దిగేది ఎవరు? లోకంలో చాలాచోట్ల ఈ రెండు పనులకూ రెండు వేరువేరు పుట్టుకలున్నాయి. ఆబ్రన్ జీవితం ఆ గోడను దాటింది. దాటినందువల్ల ఏం మారింది, ఏం మారలేదు అన్నది చూడాలి.

*

ముందు ఆమె పుట్టిన ఊరి సంగతి. పారిశుద్ధ్య ఇంజనీరింగ్ చరిత్రలో మెంఫిస్‌ది పెద్ద పేరు. 1878లో అక్కడ ఎల్లో ఫీవర్ వచ్చి ఐదు వేల మందికి పైగా చచ్చిపోయారు. డబ్బున్నవాళ్లు ఊరొదిలి పారిపోయారు. పోలేని వాళ్లు మిగిలారు, వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. పన్నులు కట్టేవాళ్లు లేక, అప్పులు తీరక 1879లో ఆ నగరం తన నగరపాలక హోదానే పోగొట్టుకుంది. అప్పుడు జార్జ్ వేరింగ్ అనే ఇంజనీరు వచ్చి, 1880లో వాననీటితో కలవకుండా ఇళ్ల మురుగును మాత్రమే మోసే ప్రత్యేక గొట్టాల వ్యవస్థ వేయించాడు. దుర్గంధం వల్లే జ్వరం వస్తుందని ఆయన నమ్మకం. అది తప్పని, జ్వరాన్ని మోసేది దోమ అని 1900లో తేలింది. అప్పటికి వేరింగ్ లేడు. 1898లో హవానా వెళ్లొచ్చి అదే ఎల్లో ఫీవర్‌తో పోయాడు. సిద్ధాంతం తప్పయినా గొట్టాలు మాత్రం ఊరికి మేలే చేశాయి.

ఆ గొట్టాల కొలతలు మన పాఠకులు గమనించాలి. వీధుల్లో వేసిన చిన్న గొట్టాలు ఆరు అంగుళాలవి. ప్రతి గొట్టం మొదట్లో ఒక నీళ్ల తొట్టి, రోజుకోసారి దానంతటదే ఖాళీ అయ్యి గొట్టాన్ని కడుగుతుంది. మనిషి దిగే మ్యాన్‌హోళ్లు వేరింగ్ పెట్టలేదు. ఖర్చు మిగుల్చుకోవాలన్నదే ఆయన లెక్క. పనివాళ్ల మీద జాలితో చేశాడని మేం అనం. గొట్టాలు పూడుకుపోయినప్పుడు రోడ్డు తవ్వాల్సి వచ్చింది. ఈ పద్ధతిని ఇంజనీర్లు చాలా తిట్టారు, తర్వాత మ్యాన్‌హోళ్లు వచ్చాయి. దీని మంచిచెడ్డలు ఎలా ఉన్నా మనకు తెలిసొచ్చే విషయం ఒకటుంది. మురుగులోకి మనిషి దిగాలా వద్దా అన్నది ప్రకృతి నిర్ణయించదు. గొట్టం వెడల్పు, వాలు, నీళ్ల ఒరవడి నిర్ణయిస్తాయి. అంటే గీసేవాడే నిర్ణయిస్తాడు.

మేం చదువుకున్న రోజుల్లో పాఠ్యపుస్తకంలో మ్యాన్‌హోల్ బొమ్మ ఉండేది. గోడకు ఇనప మెట్లు, ఒక్కో మెట్టుకూ మధ్య ఎంత దూరం ఉండాలో కొలత. ఆ మెట్లు ఎవరు దిగుతారో పుస్తకంలో లేదు. పరీక్షలో అడగలేదు. మాకు తెలుసు, మా పక్కన కూర్చున్నవాళ్లకు తెలియాల్సిన అవసరం పడలేదు.

*

ఆబ్రన్ తల్లిదండ్రులిద్దరూ పంతుళ్లు. నలుగురు ఆడపిల్లల్లో ఆమె రెండోది. ఈ విషయం దాచి ఆమెను నిరుపేదగా చూపించడం మాకిష్టం లేదు. నల్లవాళ్లలో నాలుగక్షరాలు వచ్చిన కుటుంబం వాళ్లది. అయితే ఆ అక్షరాలు కూడా ఊరికే రాలేదు. ఆమె డిగ్రీ చదివిన లెమోయిన్ కాలేజీ చరిత్ర చూస్తే తెలుస్తుంది. అంతర్యుద్ధ కాలంలో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం మిషనరీలు పెట్టిన బడి అది. 1866లో మెంఫిస్‌లో తెల్లమూకలు నల్లవాళ్ల మీద పడ్డప్పుడు ఆ బడిని తగలబెట్టారు. బానిసత్వాన్ని వ్యతిరేకించిన లెమోయిన్ అనే డాక్టరు 1870లో ఇరవై వేల డాలర్లు ఇచ్చాడు, మరుసటేడు ఆయన పేరుతో బడి మళ్లీ లేచింది. మిషన్ బడుల్లో మొదటి అక్షరం దిద్దిన తాతముత్తాతలున్న మన ఇళ్లలో ఈ కథ కొత్తగా అనిపించదు.

1966లో ఆబ్రన్ అక్కడ కెమిస్ట్రీలో డిగ్రీ పూర్తిచేసింది. తర్వాత సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి వెళ్లి 1968లో శానిటరీ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ తెచ్చుకుంది.

1968, శానిటరీ, మెంఫిస్. ఈ మూడు మాటలూ పక్కపక్కన పెడితే అమెరికా నల్లజాతి చరిత్ర తెలిసినవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది ఆబ్రన్ డిగ్రీ కాదు. ఆ ఏడాది జనవరి చివర్లో మెంఫిస్‌లో వాన పడుతుంటే ఇరవై మందికి పైగా నల్లజాతి మురుగు పనివాళ్లను జీతం లేకుండా ఇంటికి పంపేశారు. తెల్ల సూపర్‌వైజర్లకు మాత్రం ఊరికే కూర్చున్నందుకు రోజు జీతం ఇచ్చారు. ఫిబ్రవరి 1న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు చెత్త కార్మికులు వానకు తలదాచుకోడానికి లారీ వెనక తొట్టిలో కూర్చున్నారు. చెత్తను నలిపే యంత్రం పాతది. దానంతటదే తిరిగి ఇద్దర్నీ నలిపేసింది. కుటుంబాలకు దక్కింది ఒక నెల జీతం, అంత్యక్రియలకు 500 డాలర్లు. ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది పని మానేశారు. ఇళ్ల పెరళ్లలోంచి చెత్తతొట్లు భుజాన, తలమీద మోసుకొచ్చేవాళ్లు వాళ్లు. తొట్ల అడుగున చిల్లులు, కారేది మెడమీదకీ బట్టల్లోకీ. ఇంటికెళ్తే గుమ్మం బయటే బట్టలు విప్పాలి. నేనూ మనిషినే అని రాసిన అట్టముక్కలు మెళ్లో వేసుకుని వీధుల్లో నడిచారు. ఆ సమ్మెకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరం యూనియన్‌ను గుర్తించింది.

ఒకే ఊరు, ఒకే ఏడాది. ఆ ఊరి మనుషులు పారిశుద్ధ్యం అనే పనికి రెండు వేరు దారుల్లో వచ్చారు. ఒక దారిలో 1,300 మంది మగవాళ్లు తొట్లు మోస్తూ. ఇంకో దారిలో ఇరవై మూడేళ్ల ఆడపిల్ల డిగ్రీ పట్టా పట్టుకుని. వీళ్లు ఒకరికొకరు తెలుసని గానీ, ఆమె వాళ్ల కోసం ఏదో చేసిందని గానీ మేం కథ అల్లబోవడం లేదు. రెండు దారులూ ఒక్కచోటికి ఎప్పుడు చేరతాయన్నదే మా ఆలోచన.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి. ఆమె చదువుకున్న కాలంలోనే ఆ శాస్త్రం పేరు మారింది. 1960ల చివర, 70లలో ‘శానిటరీ’ ఇంజనీర్లు ఒక్కొక్కరే ‘ఎన్విరాన్‌మెంటల్’ ఇంజనీర్లయ్యారు. శాస్త్రం విస్తరించింది నిజమే, గాలీ మట్టీ కూడా చేరాయి. కానీ పేరుకు అంటిన వాసన కూడా పోయింది కదా. మన మునిసిపాలిటీల్లో ఇంజనీర్ల బోర్డుల మీద పర్యావరణం వచ్చేసింది. చీపురు పట్టినామె మీద అజమాయిషీ చేసేవాడు మాత్రం ఇంకా శానిటరీ మేస్త్రీయే.

*

మాస్టర్స్ చదివే రోజుల్లోనూ ఆ తర్వాతా ఆబ్రన్ కాన్సస్ సిటీ నీళ్ల డిపార్ట్‌మెంటులో, షికాగో మెట్రోపాలిటన్ శానిటరీ డిస్ట్రిక్ట్‌లో పనిచేసింది. తర్వాత అయోవా యూనివర్సిటీ. 1972లో వచ్చిన ఆమె పీహెచ్‌డీ అంశాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. ‘మొదటి నల్లజాతి స్త్రీ’ అని రాసేవాళ్లు ఆమె ఏం పరిశోధించిందో రాయరు. మన వాళ్ల గురించి రాసేటప్పుడూ అంతే. కులం రాస్తారు, కష్టాలు రాస్తారు, చేసిన శాస్త్రం రాయరు.

ఆమె తీసుకున్న సమస్య నీళ్లలో కలిసిన డీడీటీ, ఆల్డ్రిన్ అనే పురుగుమందుల్ని వేరు చేయడం. సాధనం రివర్స్ ఆస్మాసిస్. మన ఊళ్లలో ఇప్పుడు ఆర్వో ప్లాంటు, ఇరవై లీటర్ల క్యాను అంటే తెలియనివాళ్లు లేరు. నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాల్లో అదే కొనుక్కుని తాగుతున్నారు. దాని మూలసూత్రం ఇది. పల్చటి పొర ఒకటి ఉంటుంది. మామూలుగా నీరు పల్చటి వైపు నుంచి చిక్కటి వైపుకు ఆ పొర గుండా పోతుంది. చిక్కటి వైపు గట్టిగా ఒత్తిడి పెడితే అది తిరగబడుతుంది. నీరు ఇవతలికి వచ్చేస్తుంది, ఉప్పులూ మలినాలూ అవతలే ఉండిపోతాయి. కాలిఫోర్నియాలో లోబ్, సౌరిరాజన్ అనే ఇద్దరు, వీళ్లలో రెండోవాడు మన దేశం మనిషే, పనికొచ్చే పొరను తయారుచేసింది 1960 ప్రాంతంలో. ఆ తర్వాత బోలుగా ఉండే సన్నటి నైలాన్ దారాల్ని పొరగా వాడే పద్ధతి వచ్చింది. ఆబ్రన్ చూసింది ఆ నైలాన్ దారాల గోడల గుండా ఈ పదార్థాలు ఎలా కదులుతాయన్న విషయం.

రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ 1962లో వచ్చాక డీడీటీ మీద అమెరికాలో పదేళ్ల పాటు పోరు నడిచింది. 1972లోనే అక్కడి ప్రభుత్వం పొలాల్లో డీడీటీ వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో వ్యవసాయంలో నిషేధం రావడానికి 1989 దాకా పట్టింది. పక్షుల గురించి, చేపల గురించి కన్నీళ్లు పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, తప్పు కాదు. కానీ పత్తి చేలో వీపుకు డబ్బా కట్టుకుని, మూతికి గుడ్డ కూడా లేకుండా మందు కొట్టింది ఎవరు? మిసిసిపీ లోయలో నల్లవాళ్లు, గుంటూరులో మనవాళ్లు. మెంఫిస్ ఆ పత్తికి సంత. ఆ సంతలో పుట్టిన నల్లపిల్ల, నీళ్లలోంచి ఆ మందును ఎలా తీయాలో పరిశోధించడం మాకు మామూలు సంగతిగా కనిపించడం లేదు.

1972 గురించి ఇంకోమాట. అదే ఏడాది బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, జె.వి. పవార్ వంటివాళ్లు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత పాంథర్స్ పెట్టారు. అంతకు చాలా ముందే, 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయ్‌కు ఉత్తరం రాసి, వాళ్ల సమస్య గురించి ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విన్నపం ప్రతి పంపమని అడిగారు. ఈ రెంటినీ మనం తరచూ తలుచుకుంటాం. కవిత్వం ఇటు వచ్చింది, పోరాటం ఇటు వచ్చింది. ఇంజనీరింగ్ గురించి మాత్రం మనం వాళ్లను ఎప్పుడూ అడగలేదు. బాబాసాహెబ్‌కు ఆ చూపు ఉంది. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉంటూ దామోదర్ లోయ పథకాన్ని నడిపించారు, 1945లో కేంద్ర జలమార్గాల కమిషన్‌ను పెట్టించారు. మహాడ్ చెరువు నీళ్లు తాగిన మనిషి నదుల లెక్కలు కూడా చేతిలోకి తీసుకున్నారు. మన సభల్లో మహాడ్ ఫొటో ఉంటుంది, దామోదర్ ఫొటో ఉండదు.

*

పీహెచ్‌డీ కాలం నుంచే ఆబ్రన్ పాఠాలు చెప్పింది. టెనెసీ స్టేట్, వాండర్‌బిల్ట్, తర్వాత రాజధానిలో నల్లవాళ్ల యూనివర్సిటీ హోవార్డ్. 1978లో పియర్ కన్సల్టెంట్స్ అనే కంపెనీ మొదలుపెట్టింది. మురుగు శుద్ధి కేంద్రాలు, తాగునీరు, విషవ్యర్థాలు పడ్డ నేలల శుద్ధి దాని పనులు. అందరికీ తెలిసిన వాటిలో బోస్టన్ రేవు శుద్ధి ఒకటి. ఆ నగరం 1991 డిసెంబరు దాకా మురుగు మడ్డిని సముద్రంలోకే వదిలేది.

ఒక నల్లజాతి స్త్రీ 1978లో ఇంజనీరింగ్ కంపెనీ పెట్టి నిలబడగలిగిందంటే ఆమె తెలివి ఒక్కటే కారణం కాదు. తెలివి ఆమెకంటే ముందు పుట్టినవాళ్లకూ ఉంది. కాలం మారింది, కాలాన్ని మార్చినవాళ్లు ఉన్నారు. 1972 శుభ్రజల చట్టం కింద మురుగు కేంద్రాల ఖర్చులో ముప్పావు వంతు కేంద్రమే పెట్టుకుంది. ఊరూరా పని పుట్టింది. 1977లో వచ్చిన ప్రజాపనుల చట్టం కేంద్రం డబ్బుతో చేసే స్థానిక నిర్మాణాల్లో పది శాతం మైనారిటీ కంపెనీలకు ఇవ్వాలంది. 1980లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇవన్నీ వీధుల్లో నడిచినవాళ్ల వల్ల వచ్చాయి. అందులో మెంఫిస్ చెత్త కార్మికులూ ఉన్నారు. డిగ్రీ ఆమె చదివింది, కానీ ఆ డిగ్రీకి పని దొరికే లోకాన్ని తెరవడంలో తొట్లు మోసినవాళ్లకు భాగం ఉంది.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. రిచ్‌మండ్ అనే నగరంలో జనాభాలో సగం నల్లవాళ్లు. నగర నిర్మాణ కాంట్రాక్టుల్లో మైనారిటీ కంపెనీలకు దక్కింది 0.67 శాతం, అంటే ఒక శాతం కూడా కాదు. నగరం ముప్పై శాతం కేటాయింపు పెడితే 1989లో అదే సుప్రీంకోర్టు కొట్టేసింది. మెరిట్ వాదన ఇంగ్లీషులో ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ తీర్పు చదవాలి. మండల్ రోజుల్లో మనం విన్నదంతా అందులో ఉంది.

2002 జనవరిలో భోపాల్‌లో కలిసిన దళిత మేధావులు తమ ప్రకటనలో అమెరికా అనుభవాన్ని చూపించి ప్రభుత్వ కొనుగోళ్లలో, కాంట్రాక్టుల్లో దళితులకు వాటా అడిగారు. దళిత పెట్టుబడిదారులు పుడితే దళితులు బాగుపడతారా అని మనలో చాలామందిమి అప్పుడు వాదించుకున్నాం. ఆ వాదన ఇంకా తెగలేదు. మాకు ఆ ప్రకటనతో పేచీలున్నాయి. కానీ మురుగు విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. కన్సల్టెంటు అంటే లాభం తీసుకునేవాడు మాత్రమే కాదు, గీత గీసేవాడు. ఆ కుర్చీ ఎవరికి దక్కిందన్నది కేవలం డబ్బు ప్రశ్న కాదు.

*

1994లో దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లకు ఓటు వచ్చింది. 1995లో ఆబ్రన్ మరికొందరితో కలిసి అక్కడ పియర్ ఆఫ్రికా అనే సంస్థ పెట్టింది. ఆమె పనిలో మాకు ఎక్కువ నచ్చిన భాగం ఇది.

వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్లను ఊరి బయట టౌన్‌షిప్పుల్లోకి తోసింది. కొత్త ప్రభుత్వం పేదలకు లక్షల కొద్దీ ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. చిన్న పెట్టెల్లాంటి ఇళ్లు, చాలావాటికి పైకప్పు రేకు కింద సీలింగు కూడా లేదు. చలికాలంలో లోపల గడ్డకట్టే చలి. వెచ్చదనానికి బొగ్గో కిరసనాయిలో వెలిగించాలి. పొగకు పిల్లల ఊపిరితిత్తులు పోతాయి, స్టవ్వు పడితే వాడంతా అంటుకుంటుంది. ఆబ్రన్ వాళ్లు కింబర్లీ పట్టణంలో కుట్ల్వానాంగ్ దగ్గర, తర్వాత కేప్‌టౌన్ అవతల విట్‌సాండ్‌లో అదే సబ్సిడీ డబ్బు పరిధిలో ఇళ్లను ఇంకోలా వేశారు. భూమధ్యరేఖకు దక్షిణాన చలికాలపు సూర్యుడు ఉత్తరం వైపు వంగి ఉంటాడు. కాబట్టి పెద్ద కిటికీలు ఉత్తరానికి తిప్పారు. ఎండాకాలం ఎండ లోపలికి రాకుండా, చలికాలం ఎండ వచ్చేలా చూరును ఆ లెక్కకు సరిపోయేంత ముందుకు జరిపారు. సీలింగు వేసి వేడి ఆగే పొర పరిచారు. ఇందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. ప్లాను కాగితాన్ని సూర్యుడి వైపు తిప్పడమే ఎక్కువ భాగం.

తిప్పడానికి ఖర్చు లేకపోతే అంతకు ముందు ఎందుకు తిప్పలేదు? ఆ ఇంట్లో చలికి వణికేవాళ్ల గురించి ఆలోచించాల్సిన అవసరం గీసేవాళ్లకు పడలేదు గనక. మన ఎస్సీ కాలనీలు చూడండి. ఊరి మురుగంతా చేరే పల్లంలో, చెరువు అలుగు కింద, శ్మశానం పక్కన ప్లాట్లు పడతాయి. వానొస్తే మోకాలి లోతు నీళ్లు. లేఅవుట్ గీసినాయనకు వాలు తెలియక కాదు. నీరు పల్లమెరుగు అని మనకందరికీ తెలుసు. పల్లంలో ఎవరుండాలో కూడా ఆ కాగితానికి బాగా తెలుసు.

అమెరికాలో ఇదే విషయం పెద్ద ఉద్యమమైంది. 1982లో నార్త్ కరోలినాలో వారెన్ కౌంటీలో నల్లవాళ్ల ఊళ్ల దగ్గర విషపు మట్టిని పూడ్చబోతే జనం లారీలకు అడ్డం పడుకున్నారు. ఐదువందల మందికి పైగా అరెస్టయ్యారు. 1987లో ఒక క్రైస్తవ సంఘం చేసిన అధ్యయనం, విషవ్యర్థాల గుంటలు ఎక్కడ పడతాయో చెప్పడానికి ఆదాయం కన్నా జాతే గట్టి గుర్తు అని తేల్చింది. 1994లో పర్యావరణ న్యాయం మీద అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. ముప్పై ఏళ్లు నిలిచి 2025 జనవరిలో రద్దయింది.

*

మన దగ్గరికి వద్దాం. 1908లో మూసీ వరద వేలమందిని మింగాక హైదరాబాదుకు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆయన సలహాలోంచి వచ్చాయి, నగరం డ్రైనేజీ ప్లానూ ఆయనదే. గొప్ప ఇంజనీరు, కాదనం. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం చేసుకుంటాం. అదే విశ్వేశ్వరయ్య 1918లో మైసూరులో బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లో వాటా కోసం మిల్లర్ కమిటీ వేసినప్పుడు, ప్రతిభ దెబ్బతింటుందని విభేదించి దివాన్ పదవి వదులుకున్నారు. ఈ రెండో సంగతి ఇంజనీర్ల దినం నాడు ఎవరూ చెప్పరు. డ్రైనేజీ గీయడానికి ప్రతిభ కావాలి, అందులోకి దిగడానికి కులం కావాలి. ఈ రెండు అర్హతల మధ్యే మన పారిశుద్ధ్యం నూరేళ్లు నడిచింది.

తెలుగు ఆడవాళ్లలో ఎ. లలిత ఉన్నారు. 1940లలో గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరయ్యారు, చిన్న వయసులోనే భర్త పోయిన బ్రాహ్మణ యువతి, చేతిలో పసిబిడ్డ. ఆమె పోరాటాన్ని మేం తక్కువ చేయం. అయితే తండ్రి అదే కాలేజీలో ప్రొఫెసరు. ఆ గేటు తెరవగల చేయి ఇంట్లోనే ఉంది. మన ఆడపిల్లలకు గేటు దాకా తీసుకెళ్లే టాక్సీ కూడా ఉండదు.

1993లో పాకీ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది, అది పొడి మరుగుదొడ్ల గురించి. మురుగు గొట్టాలూ సెప్టిక్ ట్యాంకులూ 2013 చట్టంలో గానీ చేరలేదు. 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగులో చచ్చిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలివ్వమంది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ, వాడల చుట్టూ తిరిగితే వచ్చిన తీర్పులివి. వాటిని తక్కువ చేయలేం. కానీ పరిహారం చావు తర్వాత లెక్క. చావుకు ముందు లెక్క ఎస్టిమేట్ కాగితంలో ఉంటుంది. గొట్టానికి తగినంత వాలు ఇవ్వకపోతే ఇసక పేరుకుంటుంది. వాననీటి కాలువను మురుగులో కలిపేస్తే చెత్తంతా లోపలికి చేరుతుంది. అప్పుడు ఎవరినో పిలుస్తారు. ఆ ఫోన్ కాల్‌కు పదేళ్ల ముందే, ప్లాను మీద సంతకం పడ్డ రోజే, దిగే మనిషి ఎంపికైపోతాడు.

2023 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఇక మ్యాన్‌హోల్ నుంచి మెషీన్‌హోల్‌కు మారతాం అన్నారు. పేరు మార్చడం తేలిక, శానిటరీ ఎన్విరాన్‌మెంటల్ అయినంత తేలిక. హైదరాబాదులో 2017లో జలమండలి, దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీతో కలిసి ఇరుకు సందుల్లోకి పోయే చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. మురుగు పని చేసిన కుటుంబాలవాళ్లే వాటికి యజమానులయ్యే ఏర్పాటు. అది మంచి అడుగే. మనిషి బదులు గొట్టంలోకి నీళ్ల ఒరవడి దిగుతుంది. అయితే అక్కడా మనకు అప్పగించింది కడిగే పనే. యంత్రం మనది, కింద గొట్టం ఎలా ఉండాలో చెప్పే కుర్చీ ఇంకా అటే ఉంది. సివిల్ ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు పర్యావరణం అనే పేపరును తేలిక సబ్జెక్టని వదిలేసి కంప్యూటర్లకు పోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, మురుగు పేరు వింటేనే అమ్మమ్మ చేతులు గుర్తొస్తాయి. ఆ వాసన నుంచి పారిపోవడానికే కదా చదివించింది. ఆబ్రన్ తరం నల్లవాళ్లలోనూ ఈ బాధ ఉండే ఉంటుంది. ఆమె మాత్రం పారిపోకుండా ఆ వాసన వైపే నడిచింది, కాకపోతే చేతిలో తొట్టికి బదులు నైలాన్ దారాలతో.

దీన్ని బట్టి అన్నీ సర్దుకున్నాయని ఎవరూ అనుకోనక్కర్లేదు. 1968లో సమ్మె చేసిన మెంఫిస్ కార్మికులకు నగర పెన్షన్ దక్కలేదు. సమ్మె ముగిసినప్పుడు వాళ్లు అందులో చేరలేదు. వచ్చిన సోషల్ సెక్యూరిటీ డబ్బులు చాలలేదు. 2017లో నగరం తలా యాభై వేల డాలర్లు ఇస్తామని ప్రకటించింది, తర్వాత దాన్ని డెబ్బై వేలు చేసింది. అప్పటికి బతికున్నవాళ్లు పద్నాలుగు మంది దాకా తేలారు. 2017 నాటికి వాళ్లలో కొందరు ముసలి వయసులోనూ ఇంకా అదే నగరంలో చెత్త పనిలోనే ఉన్నారు.